బొలేరో పునరుజ్జీవనము – లూయిస్ మిగేల్ గానజీవితము

స్పానిష్ భాష మాటాడు దేశములలో 'బొలేరో' అను ప్రణయగీత సంప్రదాయమొకటి కలదు. అది క్యూబా ద్వీపమున జన్మించి, మెక్సికో దేశమున పెరిగి, దక్షిణ అమెరికా యంతటను వ్యాపించినది. ఇరువదవ శతాబ్ది మధ్యకాలమున ఆ దేశములలో ప్రేమను గూర్చి పాడుటయన్న బొలేరో పాడుటయే. 1960 దాటిన పిమ్మట క్రొత్త వాద్యములు, క్రొత్త పోకడలు వచ్చి, ఆ పాట క్రమముగా తాతల నాటి పాట అనిపించుకొనెను. అట్టి దశలో, 1991లో, 21 ఏండ్ల యువకుడొకడు ఆ పాటలను ఎత్తుకొని పాడెను. అతని వయస్సు వారును, వారి తలిదండ్రులును, వారి అవ్వతాతలును ఒకే పాటను మరల వినసాగిరి. ఆ యువకుని పేరు లూయిస్ మిగేల్.

ఒక విదేశ గాయకుని వృత్తాంతము మన సంపుటమున కేల యని చదువరులకు సందేహము కలుగవచ్చును. తరతరములుగ ఇతర భాషా రాష్ట్రములలో స్థిరపడిన మనకు పాత పాటలు లేకపోలేదు. వానిని పాడు పెద్దలును ఇంకను కలరు. ఆ పాటలు పిల్లల నోటికి ఎట్లు చేరునన్నదే మన ప్రశ్న. ఆ ప్రశ్నకు మరియొక భాషలో, మరియొక ఖండమున లభించిన సమాధానమును పరిశీలించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. పాత పాట పిల్లలకు చేరుటకు ముఖ్యముగా మూడు కావలెనని ఈ వృత్తాంతము తెలుపుచున్నది: దానిని తనదిగా నెంచి పాడు యువకంఠము, ఆ కంఠమునకు త్రోవ చూపు పెద్ద, భాషను మార్పని నిశ్చయము.

బొలేరో స్వరూపము

క్యూబా ద్వీపము తూర్పు భాగమందలి సాంతియాగో నగరము ఈ పాటకు పుట్టినిల్లు. 19వ శతాబ్ది చివరి భాగమున అచ్చట గిటారు చేతబట్టి మిత్రుల యిండ్లలోను, వీధులలోను పాడు గాయకులు పలువురుండిరి. వారిలో పెపె సాంచెస్ అను నతడు వృత్తిచే దర్జీ. సంగీతశాస్త్రమును గురువునొద్ద అభ్యసించినవాడు కాడు. అతని 'త్రిస్తేసాస్', అనగా 'విషాదములు' అను పాటను తొలి బొలేరోగా చెప్పుట వాడుక. దాని కాలము 1883 ప్రాంతమందురు. స్పెయిన్ దేశమున బొలేరో అను పేరు గల నృత్యమొకటి కలదు గాని, అది మూడు దెబ్బల నడక గలది. క్యూబా బొలేరో తొలుత రెండు దెబ్బలతోను, తరువాత నాలుగు దెబ్బలతోను నడచినది. పేరు ఒక్కటే గాని వస్తువు వేరు.

తొలి బొలేరోలలో 'సింకీయో' అను లయఖండము వినబడును. 'ఐదింటి కూర్పు' అని దాని యర్థము. ఐదు దెబ్బలు సమముగా కాక, దీర్ఘము, హ్రస్వము, దీర్ఘము, హ్రస్వము, దీర్ఘము అను వరుసలో పడును. మన ఛందః పరిభాషలో చెప్పినచో గురువు, లఘువు, గురువు, లఘువు, గురువు. మొత్తము 8 మాత్రలు. రగణము పిమ్మట ఒక లఘువును, ఒక గురువును చేర్చి చదివికొన్నచో ఆ నడక చెవికి అందును. ఆఫ్రికా నుండి బానిసలుగా తేబడిన జనుల లయజ్ఞానమును, ఐరోపా గిటారు స్వరమును ఈ పాటలో కలిసిపోయినవి.

క్యూబా నుండి సముద్రమార్గమున ఈ పాట మెక్సికో దేశపు యుకతాన్ ద్వీపకల్పమునకు, వెరాక్రూస్ రేవునకు చేరినది. 1930లో మెక్సికో నగరమున ఎక్స్-ఇ-డబ్ల్యు అను రేడియో కేంద్రము స్థాపింపబడెను. దాని ధ్వని దేశపు ఎల్లలు దాటి వినబడుచుండెను. పియానోపై తన పాటలను తానే పాడు అగుస్తీన్ లారా ఆ రేడియో ద్వారమున ఇంటింటి గాయకుడయ్యెను. 1944లో న్యూయార్కు నగరమున ఇద్దరు మెక్సికో వారును, ఒక ప్యుయెర్టో రికో వాసియు కూడి 'లోస్ పాంచోస్' అను త్రయముగా నేర్పడిరి. మూడు కంఠములు, గిటారులు, వానికి తోడు 'రెకింతో' అను హెచ్చు శ్రుతి గల చిన్న గిటారు: ఇదియే వారి మేళము. బొలేరో అనగానే నేటికిని అనేకులకు స్ఫురించునది ఆ రెకింతో పలుకే. కోన్సువెలో వెలాస్కెస్ అను మెక్సికో విదుషీమణి రచించిన 'బేసామె మూచొ' అను పాట ఇతర భాషలలోనికి సైతము పోయి లోకప్రసిద్ధమైనది. చిలీ దేశీయుడైన లూచొ గతీకా మెక్సికోకు వచ్చి మృదుకంఠముతో ఈ పాటలను పాడి ఖండమంతట పేరు గాంచెను.

ఈ విధముగ బొలేరో ఏ ఒక్క దేశపు సొత్తును కాదు. రచయిత ఒక దేశమువాడు, గాయకుడు మరియొక దేశమువాడు, శ్రోతలు ఇరువది దేశములవారు. వారినందరిని కలిపినది భాష. ఈ సంగతి ముందు చెప్పబోవు వృత్తాంతమునకు మూలము.

1950 పిమ్మట రాక్ సంగీతము, 1960 పిమ్మట 'బలాదా' అను నవీన ప్రణయగీతమును వచ్చి చేరినవి. విద్యుత్ గిటారులు, పెద్ద వాద్యబృందములు యువకుల నాకర్షించినవి. బొలేరో చావలేదు, కాని పెండ్లిండ్లలోను, భోజనశాలలలోను, వృద్ధుల గ్రామఫోను పెట్టెలలోను దాగియుండెను.

బాలగాయకుడు

లూయిస్ మిగేల్ 1970 ఏప్రిల్ 19వ తేదీన ప్యుయెర్టో రికో ద్వీపమందలి సాన్ హువాన్ నగరమున జన్మించెను. తండ్రి లూయిసీటో రేయ్ స్పెయిన్ దేశీయుడు, గాయకుడు, గిటారు వాదకుడు. తల్లి మార్చెలా బస్తేరి ఇటలీ దేశీయురాలు. కుటుంబము మెక్సికోలో స్థిరపడెను. పుట్టినది ఒకచోట, తండ్రి భాష ఒకటి, తల్లి భాష ఒకటి, పెరిగినది వేరొకచోట. అయినను అతడు మెక్సికో గాయకుడుగనే పెరిగెను. 1991లో ఆ దేశపు పౌరసత్వమును స్వీకరించెను.

తండ్రి యాజమాన్యమున 1982లో 'ఉన్ సోల్', అనగా 'ఒక సూర్యుడు' అను తొలి గీతసంపుటి వెలువడెను. అప్పటికి బాలునికి 11 ఏండ్లు. 1985 అతని జీవితమున గొప్ప సంవత్సరము. స్కాట్లండు గాయని షీనా ఈస్టన్‌తో కలిసి స్పానిష్‌లో పాడిన యుగళగీతమునకు అమెరికా వారి గ్రామీ బహుమానము లభించెను. అప్పటికి అతనికి 15 ఏండ్లు నిండలేదు. ఆ సంవత్సరమే ఇటలీ దేశపు సాన్ రెమో సంగీతోత్సవమున తల్లి భాషయైన ఇటాలియనులో పాడి రెండవ స్థానమును పొందెను.

బాలగాయకుల చరిత్ర సామాన్యముగా కంఠము మారుటతోనే ముగియును. ఇతని విషయమున అట్లు కాలేదు. కౌమారమున కంఠము మారి, బలమును గాంభీర్యమును సంతరించుకొనెను. తండ్రి యాజమాన్యము నుండి విడివడి, 1987 మొదలు వేరొక రికార్డుల సంస్థకు పాడసాగెను. స్పెయిన్ దేశపు రచయిత హువాన్ కార్లోస్ కల్దెరోన్ కూర్చిన బలాదా పాటలతో 1987, 1988, 1990 సంవత్సరములలో మూడు సంపుటులు వెలువడి, అతడు యువజనులకు ఆరాధ్యుడయ్యెను. ఆ మూడవ సంపుటి పేరు 'బేంతె ఆన్యోస్', అనగా '20 ఏండ్లు'.

అప్పటికి అతనికి కీర్తి కలదు, ధనము కలదు, అనుచరులు కలరు. అతడు వెనుకకు తిరిగి పాత పాటల వంక చూడవలసిన యవసరమేమియు పైకి కానరాదు.

1991: రొమాన్సె

'బేంతె ఆన్యోస్' తరువాతి సంపుటికి కావలసిన క్రొత్త పాటలు సకాలమున సిద్ధము కాలేదు. సంస్థతో చేసికొన్న ఒడంబడిక గడువు మాత్రము దగ్గర పడుచుండెను. ఆ యిబ్బందిలో నుండి పాత బొలేరోలను పాడవలెనను ఆలోచన బయలుదేరెను. గొప్ప కార్యములన్నియు గొప్ప సంకల్పములతోనే ఆరంభమగునని తలచువారు ఈ సంగతిని గమనింపదగును.

ఆలోచన ఎట్లు పుట్టినను, దానిని నడపుటకు తగిన పెద్ద లభించెను. అతడు అర్మాందో మన్సనేరో. 1935లో యుకతాన్ ప్రాంతపు మేరిదా నగరమున పుట్టినవాడు. మాయా జాతి సంతతివాడనని గర్వముతో చెప్పుకొనెడివాడు. యౌవనమున మెక్సికో నగరమునకు వచ్చి, లూచొ గతీకా మొదలగు గాయకులకు పియానో వాయించుచు, స్వయముగ నూర్లకొలది పాటలు కూర్చెను. బొలేరో వెనుకబడుచున్న కాలమున దానిని బలాదాకు దగ్గర చేసి నిలిపినవారిలో అతడు ముఖ్యుడు. పాత తరమును స్వయముగ ఎరిగినవాడు, క్రొత్త తరమునకు సన్నిహితుడు. అట్టివాడు ఆ సంపుటికి లూయిస్ మిగేల్‌తో కూడ నిర్మాతగా నుండెను. వాద్యములను కూర్చినవాడు అర్జెంటీనా దేశీయుడైన బేబు సిల్వెట్టి.

1991 నవంబరులో 'రొమాన్సె' అను పేరుతో ఆ సంపుటి వెలువడెను. అందు పాటలు 12. 'ఇనోల్విదాబ్లె', అనగా 'మరపురానిది', క్యూబా దేశపు హూలియో గుతియెర్రెస్ రచన. 'కొంతీగొ ఎన్ ల దిస్తాన్సియా', అనగా 'దూరమందున్నను నీతోనే', క్యూబా దేశపు సెసర్ పోర్తీయో దె ల లూస్ రచన. 'ల బార్కా', అనగా 'పడవ', మెక్సికో దేశపు రొబెర్తో కాంతొరాల్‌ది. 'ల మెంతీరా', అనగా 'అసత్యము', అల్వారొ కరీయోది. 'మూచొ కొరసోన్' అను పాట ఎమ్మా ఎలేనా వల్దెలమార్ అను రచయిత్రిది. మన్సనేరో పాటలు రెండు. ఇట్లు క్యూబా, మెక్సికో, అర్జెంటీనా మొదలగు దేశముల ప్రతిభ ఒక్క కంఠమున సమకూడెను.

ఫలితము అందరి యంచనాలను మించెను. 'ఇనోల్విదాబ్లె', 'నో సె తూ' అను పాటలు రెండును అమెరికా సంయుక్త రాష్ట్రములలోని స్పానిష్ పాటల పట్టికలో మొదటి స్థానమున కెక్కెను. లోకమంతట ఆ సంపుటి 70 లక్షల ప్రతులకు పైగా చెల్లినదని చెప్పబడుచున్నది. 1994లో 'సెగూందో రొమాన్సె', 1997లో 'రొమాన్సెస్', 2001లో 'మిస్ రొమాన్సెస్' అను సంపుటులు దాని ననుసరించి వచ్చినవి. 1997 నాటి సంపుటి, స్పానిష్‌లోనే యున్నను, అమెరికా సంయుక్త రాష్ట్రముల సర్వభాషా పట్టికలో 14వ స్థానమును చేరెను. అతని త్రోవను చూచి ఇతర యువగాయకులును బొలేరోలను పాడసాగిరి. మూసియుంచిన పాటల పెట్టె మరల తెరువబడినట్లయ్యెను.

మాటకును పాటకును గల పొత్తు

భాషోపాధ్యాయునకు ఈ పాటలలో గమనింపదగిన విశేషములు కొన్ని కలవు. మొదటిది అచ్చుల సంగతి. స్పానిష్ భాషలో అచ్చులు ముఖ్యముగా ఐదు. అవి స్పష్టముగ, మార్పులేక పలుకబడును. పదములలో మిక్కిలి భాగము అచ్చుతోనే ముగియును. తక్కినవి న, స, ర, ల మొదలగు మృదువైన హల్లులతో ముగియును. అజంత భాషయైన తెలుగు మాటాడు మనకు దీని సౌకర్యము వివరింపనక్కరలేదు. రాగమును సాగదీయవలసిన చోట అచ్చు చేతికి అందుచుండును. బొలేరో వంటి విలంబ గీతమునకు ఇది జీవము. లూయిస్ మిగేల్ పాటలో పదాంతమందలి అచ్చు నిండుగ నిలుచును. మాట మాత్రము చెదరదు.

రెండవది సంధి. స్పానిష్ పద్యమునందును, పాటయందును ఒక పదము చివరి అచ్చును, తరువాతి పదము మొదటి అచ్చును కలిసి ఒక్క అక్షరముగా లెక్కింపబడును. పైని చెప్పిన 'కొంతీగొ ఎన్ ల దిస్తాన్సియా' అను పేరునే తీసికొందము. విడివిడిగ చదివినచో 8 అక్షరములు. పాడునపుడు 'గొ' యును 'ఎన్' ను కలిసిపోయి 7 అగును. మన 'రాముడు + అతడు = రాముడతడు' అను ఉత్వసంధికిని దీనికిని పోలిక కలదు; భేదమును కలదు. మన సంధిలో పూర్వస్వరము లోపించును. వారి సంధిలో రెండు అచ్చులును నిలిచియే, ఒక్క ఊపిరిలో జారిపోవును. ఈ జారుడు తెలియని వాడు బొలేరో పాడినచో తాళము తప్పును. కావున ఆ పాట నేర్చుకొనుటయన్న ఆ భాష యొక్క ఉచ్చారణను నేర్చుకొనుటయే.

మూడవది గౌరవవాచకము. 'రొమాన్సె' సంపుటిలో 'ఉస్తెద్' అను పాట కలదు. మెక్సికో దేశీయుడైన గబ్రియెల్ రూయిస్ దానికి స్వరకర్త. స్పానిష్‌లో 'తూ' అనగా నీవు, 'ఉస్తెద్' అనగా మీరు. ఈ 'ఉస్తెద్' పూర్వము 'తమ దయ' యను అర్థము గల రెండు మాటల నుండి అరిగి ఏర్పడినది. దానితో క్రియను ప్రథమపురుషలో చెప్పుదురు. మన ప్రాంతములలో 'అయ్యగారు వచ్చినారా' యని ఎదుటివారినే అడుగుట వంటిది. ప్రియురాలిని 'మీరు' అని సంబోధించుచు ఆమెపై నేరము మోపుట ఆ పాటలోని చమత్కారము. గౌరవములో దూరము కలదు. ఆ దూరములోనే వేదన కలదు. నీవు, మీరు అను భేదమెరిగిన తెలుగువానికి ఇది చెప్పకయే బోధపడును. ఆ భేదము లేని ఇంగ్లీషులోనికి దానిని ఎట్లు దింపవచ్చును?

నాలుగవది ప్రాంతభేదము. హృదయము అను అర్థమున స్పెయిన్ రాజధాని ప్రాంతపువారు 'కొరథోన్' అందురు. అమెరికా ఖండమువారు 'కొరసోన్' అందురు. లూయిస్ మిగేల్ తండ్రి స్పెయిన్ వాడైనను, అతని పాటలో వినబడునది అమెరికా ఖండపు సకారమే. ఎవరి ఉచ్చారణ ఒప్పు అను కలహము ఈ పాటకు అడ్డు రాలేదు. హోసూరు తెలుగును, బళ్ళారి తెలుగును, గంజాము తెలుగును ఒక్క వేదికపై విను మనకు ఇదియు తెలిసిన సంగతియే.

ఇంగ్లీషు ప్రశ్న

మన్సనేరో రచించిన 'సోమోస్ నోవియోస్' అను పాట ఒకటి కలదు. 'నోవియోస్' అనగా ప్రేమించుకొనువారును, పెండ్లికి నిశ్చయమైనవారును. రెండర్థములును అందు కలవు. మేమట్టి జంటయని చెప్పుకొనుట ఆ పాట. 1970లో ఆ స్వరమునకే ఇంగ్లీషు మాటలు కూర్చి పెరీ కోమో అను అమెరికా గాయకుడు పాడగా మిక్కిలి ప్రసిద్ధి చెందెను. కాని ఇంగ్లీషున దాని పేరు 'ఇట్స్ ఇంపాజిబుల్', అనగా 'అది అసాధ్యము'. స్వరము మాత్రమే సరిహద్దు దాటెను, మాట దాటలేదు. వినువారిలో అనేకులకు అది మెక్సికో పాటయన్న సంగతియైనను తెలియలేదు. రచయితకు ధనము వచ్చినది, పేరు వచ్చినది. భాషకు మాత్రమేమియు రాలేదు.

లాటిన్ గాయకుల యెదుట ఆనాడు రెండు మార్గములుండెను. స్పెయిన్ దేశీయుడైన హూలియో ఇగ్లేసియాస్ అనేక భాషలలో పాడి, 1984లో ఇంగ్లీషు సంపుటితో అమెరికా విపణిని గెలిచెను. 1999లో రికీ మార్టిన్, 2001లో షకీరా ఇంగ్లీషు సంపుటులతో లోకమంతట కీర్తి గాంచిరి. అది తప్పని చెప్పుటకు వీలులేదు. గాయకుడు తనకు తోచిన భాషలో పాడును. లూయిస్ మిగేల్ అనుసరించినది రెండవ మార్గము. అతనికి ఇంగ్లీషు రాకపోలేదు. 1994లో ఫ్రాంక్ సినాత్రాతో కలిసి ఒక ఇంగ్లీషు పాట పాడినాడు. అయినను ఇంగ్లీషులో పూర్తి సంపుటిని వెలువరింపలేదు. అతనిని వినదలచినవారు స్పానిష్‌లోనే వినవలసి వచ్చెను, విన్నారు కూడ.

దీని ప్రాముఖ్యము తెలియుటకు అమెరికా సంయుక్త రాష్ట్రములలో స్పానిష్ భాష యొక్క స్థితిని కొంత చెప్పవలెను. 1990 జనగణన నాటికి ఇంట స్పానిష్ మాటాడు 5 ఏండ్లు దాటిన వారి సంఖ్య 1 కోటి 70 లక్షలకు పైగా నుండెను. సంఖ్య గొప్పదే, గౌరవము మాత్రము అంత గొప్పది కాదు. టెక్సస్ మొదలగు రాష్ట్రములలో బడి ఆవరణములో స్పానిష్ మాటాడిన పిల్లలను దండించిన కాలము కలదు. ఆ దండన ననుభవించిన తలిదండ్రులు కొందరు తమ బిడ్డలకు ఆ భాషను నేర్పుటకే వెనుదీసిరి. 1968లో ద్విభాషా విద్యకు చట్టము వచ్చెను; 1998లో కాలిఫోర్నియా వోటరులు దానిని తమ రాష్ట్రమున మిక్కిలి నియంత్రించిరి; 2016లో ఆ నియంత్రణను మరల తొలగించిరి. ఈ ఎగుడుదిగుడుల నడుమ, ఇంట ఒక భాషయు, బడిలో మరియొక భాషయు గల పిల్లలు రెండు మూడు తరములు పెరిగిరి. వారి అవ్వ వంటింట కూనిరాగము తీయు పాట వారికి పాతదిగ, ఒకింత సిగ్గుగ తోచియుండవచ్చును.

అట్టివారికి 'రొమాన్సె' అందినది. చక్కని దుస్తులు ధరించిన నవయువకుడు, పెద్ద వాద్యబృందముతో, నవీనమైన ధ్వనిముద్రణతో, అవ్వ పాటనే పాడుచున్నాడు. ఆ సంపుటి అమెరికా సంయుక్త రాష్ట్రములలో స్వర్ణ ముద్రను పొందెను. ఆ కాలమున ఆ ముద్రకు 5 లక్షల ప్రతులు కావలెను. ఇంగ్లీషు విపణి వంక చూడని స్పానిష్ గాయకునికి అది అపూర్వము. ఆ దేశమున ఇంటి భాష వీథిలో తల యెత్తుకొని నడచుటకు ఇట్టి సంఘటనలును కొంత తోడ్పడినవి. బడి చేయవలసిన పని బడియే చేయవలెను. పాట ఆ పనికి బదులు కాదు. కాని బడిలో అక్షరము నేర్చుకొను బాలునికి, ఆ అక్షరముతో తాను కోరి పాడుకొను పాట యొకటి ఉన్నప్పుడు, ఉపాధ్యాయుని శ్రమ సగము తగ్గును.

గుణదోషములు

ఈ పునరుజ్జీవనమునకు విమర్శకులును లేకపోలేదు. త్రయముల కాలపు బొలేరో పేదవాని గిటారుపై పుట్టినదని, సిల్వెట్టి కూర్చిన వయొలిన్ల వెల్లువలో రెకింతో గొంతు మునిగిపోయినదని పాత రసికులు కొందరు నొచ్చుకొనిరి. అన్ని పాటలకును ఒకే పట్టుబట్ట కట్టినట్లున్నదని మరికొందరనిరి. ఈ మాటలలో సత్యము కలదు. ఒకే పద్ధతిని నాలుగు సంపుటులలో అనుసరించుటచే నవ్యత తగ్గినది. 2001 నాటి సంపుటికి మునుపటి వానికి లభించినంత యాదరణ లభింపలేదు. కాని ఆ పట్టుబట్ట లేనిచో 1991 నాటి యువకులు ఆ పాటలను వినియుండెడివారా యన్నది ప్రశ్న. క్రొత్త సంపుటి విని, పాత రికార్డులను వెదకి, లోస్ పాంచోస్ వంక మరలినవారు ఎందరో కలరు. ద్వారము కొంత అలంకృతమైనను, ఇంటిలోనికి ప్రవేశము కల్పించినది అదియే.

ప్రణయగాయకుడుగ అతని ప్రస్థానము అంతటితో ముగియలేదు. 2004లో 'మెహికో ఎన్ ల ప్యెల్' అను సంపుటిలో మెక్సికో జానపద ధోరణి గల మరియాచి పాటలను, వర్గాస్ దె తెకలిత్లాన్ అను ప్రసిద్ధ మేళముతో పాడెను. 2017లో అదే త్రోవన వెలువరించిన 'మెహికో పోర్ సియెంప్రె' 2019లో గ్రామీ బహుమానమును పొందెను. 2023 ఆగస్టులో బ్యూనస్ ఐరిస్ నగరమున ఆరంభించిన సంగీతయాత్రను 2024 వరకు అనేక దేశములలో సాగించెను. 1982లో బాలుడుగ మొదలిడిన గానము నాలుగు దశాబ్దములు దాటినది. అతని కుటుంబ దుఃఖములను గూర్చి, స్వవిషయములను గూర్చి పత్రికలు చాల వ్రాసినవి. అవి ఈ వ్యాసమునకు అవసరము కావు.

మన్సనేరో 2020 డిసెంబరు 28వ తేదీన మెక్సికో నగరమున కోవిడ్ వ్యాధి ననుసరించి దివంగతుడయ్యెను. 2023లో క్యూబా, మెక్సికో దేశముల కోర్కెపై ఐక్యరాజ్యసమితి విద్యా సాంస్కృతిక సంస్థయైన యునెస్కో, మానవజాతి యొక్క అమూర్త వారసత్వ సంపదల పట్టికలో బొలేరోను చేర్చెను. సాంతియాగో దర్జీ గిటారుపై పలికిన పాటకు ఇంచుమించు 140 ఏండ్లకు లభించిన గౌరవమిది. పట్టికలో చేరినంత మాత్రమున ఏ పాటయు బ్రతుకదు. అయినను, 1991లో ఆ పాట యువకుల నోట మరల ఆడకున్నచో, అది బ్రతికియున్న సంప్రదాయమని చెప్పుట ఇంత సులభమై యుండెడిది కాదు.

ఉపసంహారము

లూయిస్ మిగేల్ వృత్తాంతము నుండి గ్రహింపదగిన వానిని సంగ్రహముగ చెప్పి ముగింతును. పాత పాటను భద్రపరచుట ఒక పని, పాడుట మరియొక పని. మొదటిది పెద్దలు చేయగలరు. రెండవది పిన్నలు చేయవలెను. పిన్నలకు మార్గదర్శకుడుగ, రెండు తరములను ఎరిగిన మన్సనేరో వంటి పెద్ద యొకడు ప్రక్కన నిలువవలెను. అతడు ఆజ్ఞాపించువాడు కారాదు. పియానో ముందు కూర్చుండి వాయించువాడు కావలెను. వాద్యములను, వేషమును కాలానుగుణముగ మార్పవచ్చును. మాటను మాత్రము మార్పరాదు. మాట మారినచో స్వరము మిగులును గాని పాట మిగులదని 'సోమోస్ నోవియోస్' చరిత్ర చెప్పుచున్నది.

మన యిండ్లలోను, మన యూళ్లలోను లాలిపాటలు, పెండ్లిపాటలు, మంగళహారతులు, దంపుళ్లపాటలు ఇంకను కొందరి నోట నిలిచియున్నవి. వానిని వ్రాసికొనుట మంచిది, వ్రాసికొనుచున్నాము. ఆ వ్రాతప్రతిని బాలుర చేతికిచ్చి, వారికి నచ్చిన వాద్యముతో, వారి కంఠముతో, మన మాటలు చెడకుండ పాడించు పని మిగిలియున్నది. అవ్వలు ఇంకను పాడుచున్న ఈ కాలమే ఆ పనికి తగిన కాలము.